పిండి పులవని జనవరి



ఉద్యోగం మీదనో చదువు మీదనో ఢిల్లీ బయల్దేరే తెలుగువాళ్ళ గురించి ఇంట్లో పెద్దవాళ్ళు బెంగపడేది రెండిటికి. హిందీ ఎలాగ, తిండి ఎలాగ? నన్నడిగితే ఈ రెండూ చిన్న సమస్యలేనండీ. ఆటో అతనితో నాలుగుసార్లు బేరమాడితే హిందీ అదే వస్తుంది. హిందీ వ్యాకరణంలో మెట్రో ఆడదో మగదో తేలకపోయినంత మాత్రాన బండి ఎక్కనివ్వకుండా ఎవరూ ఆపరు. తిండి సంగతంటారా, అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్ ఉండనే ఉంది. పప్పు, పొడి, గోంగూర పచ్చడి, అడిగినంత అన్నం. ఆదివారం బిర్యానీకైతే మనకంటే ముందే వచ్చి వరసలో నిలబడ్డ పంజాబీలూ బెంగాలీలూ కనిపిస్తారు. ఐఎన్‌ఏ మార్కెట్‌కి వెళితే మునక్కాడలూ కరివేపాకూ దొరుకుతాయి. అసలు చిక్కు వేరే ఉంది. ఇక్కడి ఎండా వానా చలీ మన లెక్కకు అందవు. ఒంటికీ వంటకీ, పండగలకీ పిల్లల సెలవులకీ అన్నిటికీ కాలాన్ని మళ్ళీ మొదటినుంచీ నేర్చుకోవాలి.

ముందు సూర్యుడితోనే మొదలవుతుంది తేడా. ఢిల్లీ విజయవాడకు పన్నెండు డిగ్రీలు ఉత్తరాన ఉంది. విజయవాడలో ఏడాది మొత్తంలో అతి పొడుగు పగటికీ అతి పొట్టి పగటికీ మధ్య తేడా రెండు గంటలు. ఢిల్లీలో అది మూడు గంటల నలభై నిమిషాలు. స్పెయిన్ నుంచి వెళ్ళి హెల్సింకీలో కాపురం పెట్టినవాళ్ళకు డిసెంబరు పగలు ఆరు గంటలైనా ఉండదు, జూన్ పగలేమో పంతొమ్మిది గంటలు సాగుతుంది. వాళ్ళ ముందు మన కష్టం కష్టమే కాదు. అయినా తెల్లవారుజామున ఐదింటికి లేచి కల్లాపి చల్లే ఇంటి నుంచి వచ్చినవాళ్ళకు జనవరిలో ఏడుంబావు దాకా పొద్దు పొడవకపోతే ఏం తోస్తుంది చెప్పండి? పిల్లల్ని స్కూలు బస్సు ఎక్కించేటప్పటికి వీధి దీపాలు ఇంకా వెలుగుతుంటాయి. అదే జూన్‌లో సాయంత్రం ఏడు దాటినా వెలుగు పోదు. దేవుడి దగ్గర దీపం గడియారం చూసి పెట్టాలా, ఆకాశం చూసి పెట్టాలా అని మా అత్తగారు మా ఇంటికి వచ్చిన మొదటి వేసవిలో రోజూ తర్జనభర్జన పడేవారు.

చలికాలం దెబ్బ మొదట తగిలేది వంటింటికి. మన ఊళ్ళో రాత్రి రుబ్బి పెట్టిన పిండి తెల్లారేసరికి గిన్నె అంచు దాటి పొంగుతుంది. ఢిల్లీ జనవరిలో పిండి ఎలా పెట్టామో అలాగే ఉంటుంది. రాత్రిపూట ఐదారు డిగ్రీలు. ఇళ్ళన్నీ ఎండ తట్టుకోవడానికి కట్టినవి, చలికి కాదు. నేల మీద చెప్పులు లేకుండా అడుగు వేయలేం. పిండిలో పులుపు పుట్టించే సూక్ష్మజీవులకు ఇరవై అయిదు, ముప్ఫై డిగ్రీల వెచ్చదనం కావాలి, అది లేకపోతే అవి కదలవు. అందుకని ఢిల్లీ తెలుగువాళ్ళ ఇళ్ళలో రకరకాల ఉపాయాలు. కొందరు ఓవెన్‌లో గిన్నె పెట్టి లోపలి బల్బు మాత్రం వేసి ఉంచుతారు. కొందరు పాత శాలువా చుట్టి సెట్‌టాప్ బాక్సు మీద కూర్చోబెడతారు. అంతా చేసినా ఒక రాత్రి చాలదు, మర్నాడు సాయంత్రానికి గానీ ఇడ్లీ వేయడానికి లాయకుగా రాదు. పెరుగూ అంతే. మా పక్కింటి ఆంటీజీ ఒకరోజు మా పాలగిన్నెలో వేలు పెట్టి చూసి, ‘బేటా, దీన్ని రోటీ డబ్బాలో మూత పెట్టి, ఆటా డ్రమ్ములో కప్పెట్టెయ్’ అన్నారు. గోధుమపిండి మధ్య వేడి తొందరగా పోదు. పంజాబీ ఇళ్ళలో తరతరాలుగా తెలిసిన కిటుకు. ఇక తలకు రాసుకునే కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టి మార్చి దాకా కరగనే కరగదు. పొయ్యి పక్కన పెట్టుకోవాల్సిందే.

ఎండంటే గొడుగు వేసుకుని తప్పించుకు తిరిగే జాతి మనది. ఢిల్లీ వచ్చాక డిసెంబరు మధ్యాహ్నం ఎండ ఎక్కడ పడితే అక్కడికి కుర్చీ జరుపుకోవడం నేర్చుకుంటాం. కన్నాట్ ప్లేస్ పచ్చికలో భోజనం వేళ ఆఫీసు గుమాస్తాలు పేకాడుతూ, వేరుశనగకాయలు వలుచుకుంటూ, కిన్నో కమలాపళ్ళు తింటూ కూర్చుంటారు. అందులో మనవాళ్ళెవరో, వాళ్ళెవరో కనిపెట్టలేం. అందరి తలలకూ కోతిటోపీలే.

ఢిల్లీ సఫ్దర్‌జంగ్ వాతావరణ కేంద్రంలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 0.6 డిగ్రీలు, 1935 జనవరి 16న. అలాంటి చలి మళ్ళీ రాలేదు గానీ, రెండు మూడు డిగ్రీల రాత్రులు తరచూ వస్తూనే ఉంటాయి. మధ్యమధ్య చినుకులు పడతాయి. ఆ చలికాలపు వానను తెచ్చే మేఘాలు మన బంగాళాఖాతానివి కావు. మధ్యధరా సముద్రం వైపు పుట్టి, ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్ల మీదుగా నడిచి వస్తాయి. వాతావరణ శాఖ వాళ్ళు పశ్చిమ అలజడులంటారు. అవి దాటిపోయాక నేల తడిగా, గాలి కదలకుండా, ఆకాశం తేటగా ఉంటే రాత్రికి పొగమంచు దిగుతుంది. ఇంక రైళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. 1976లో మొదలై మన మూడు తరాల్ని ఢిల్లీ చేర్చిన ఏపీ ఎక్స్‌ప్రెస్, 2015లో తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌గా పేరు మారింది. పేరు మారినా మథుర దాటాక జనవరి మంచులో నిలబడిపోవడం మాత్రం మారలేదు.

రేడియోలో మాట్లాడుతూ ఇది చెప్పకపోతే బాగుండదు. మీరు దశాబ్దాలపాటు పొద్దున్నే కాఫీ తాగుతూ విన్న తెలుగు వార్తలు చాలావరకు ఢిల్లీలో, పార్లమెంటు వీధిలోని ఆకాశవాణి భవనంలో చదివినవే. సినిమాల్లో పేరు రాకముందు కొంగర జగ్గయ్యగారు కూడా ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివినవారే. ఉదయపు వార్తలంటే ఇంకా చీకటి ఉండగానే స్టూడియో చేరాలి. ఆ కంఠాలు అంత స్పష్టంగా పలకడం వెనక ఎన్ని స్వెట్టర్లు ఉండేవో మనం వినలేదు గదా!

మనం బళ్ళో ఆరు ఋతువులూ వల్లించాం. వసంతం, గ్రీష్మం, వర్షం, శరత్తు, హేమంతం, శిశిరం. నిజానికి కోస్తాలోనూ తెలంగాణలోనూ మనం బతికేది మూడు కాలాలే. మిగతావి పరీక్షల కోసం. అవి ఈ ఉత్తరాది మైదానాల్లో పుట్టిన లెక్కలు, అందుకే ఇక్కడ కంటికి కనిపిస్తాయి. ఫిబ్రవరి చివర్లో ఆకు ఒక్కటి లేని బూరుగు చెట్టుకు అరచేతంత ఎర్రపూలు పూస్తాయి. మార్చిలో రావి, వేప ఆకులు రాల్చడం మొదలుపెడతాయి. లోదీ రోడ్డు పొడుగునా వేపాకు గుట్టలే. తమాషా ఏమిటంటే ఆకు రాలడమూ, కొత్త చిగురు రావడమూ ఒక్క నెలలోనే జరిగిపోతాయి. శిశిరం, వసంతం రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి.

ఈ వేపతోనే మనకు ఒక పేచీ ఉంది. న్యూఢిల్లీ కట్టినప్పుడు ఇంగ్లీషువాళ్ళు రోడ్లకు దేశవాళీ చెట్లే ఎక్కువగా వేశారు. జన్‌పథ్‌కు మద్ది, అక్బర్ రోడ్డుకు చింత, అశోకా రోడ్డుకు నేరేడు, ఊరంతా వేప. ఇన్ని వేపచెట్లున్న ఊళ్ళో ఉగాది పచ్చడికి వేపపువ్వు దొరకదంటే నమ్ముతారా? ఢిల్లీ వేప ఏప్రిల్‌లో గానీ సరిగా పూయదు. 2024లో ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది, వెతికితే ఏదో ఒక కొమ్మకు నాలుగు మొగ్గలు కనిపించే రోజులవి. 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న వచ్చింది. అప్పటికి చెట్టు ఇంకా పాత ఆకు రాలుస్తూ ఉంటుంది. అందుకని ఇక్కడి తెలుగువాళ్ళు నిరుటి పువ్వు ఎండబెట్టి సీసాలో దాచుకుంటారు, లేదా ఊరి నుంచి వచ్చేవాళ్ళతో తెప్పించుకుంటారు. ఎండుపువ్వులో చేదు తగ్గదు. వాసనే ఉండదు.

పంచాంగం కూడా ఇక్కడ మనతో కలిసి నడవదు. మన నెల అమావాస్యతో ముగుస్తుంది, వీళ్ళ నెల పౌర్ణమితో ముగుస్తుంది. కృష్ణపక్షమంతా వాళ్ళకు తర్వాతి నెల ఖాతాలో పడుతుంది. దీపావళి, కృష్ణాష్టమి లాంటి పండగలు రెండుచోట్లా ఒకే రోజున వస్తాయి, నెల పేరు మాత్రం వేరు. చిక్కంతా శ్రావణంలో. ఆషాఢ పౌర్ణమి మర్నాడే వీళ్ళకు సావన్ మొదలు. హరిద్వార్ నుంచి గంగాజలం కావడిలో మోసుకుంటూ కావడి యాత్రికులు కాషాయం కట్టి నడుస్తుంటారు, ఘాజియాబాద్ వైపు రోడ్లు మూసేస్తారు, పక్కింటివాళ్ళు సోమవారం ఉపవాసాలుంటారు. మన లెక్కలో అది ఇంకా ఆషాఢమే. తెలంగాణ బోనాలు జరిగేదీ ఆషాఢంలోనే. మనకు శ్రావణ శుక్రవారాలు వచ్చేటప్పటికి వాళ్ళ సావన్ సగం అయిపోయి ఉంటుంది. పెళ్ళయిన కొత్తలో ఆషాఢమని పుట్టింటికి వెళ్ళిన ఒక తెలుగమ్మాయి గురించి, ‘సావన్‌కి పుట్టింటికి వెళ్ళిందా, మా ఆచారమే!’ అని ఇక్కడి పెద్దావిడ మురిసిపోయిందట. ఇద్దరూ తమ తమ నెల ప్రకారం నిజమే చెప్పారు.

ఎండాకాలం గురించి మనవాళ్ళు ధీమాగా ఉంటారు. రెంటచింతల, రామగుండం చూసినవాళ్ళం, ఢిల్లీ ఎండ మమ్మల్నేం చేస్తుందని. ఇది వేరే జాతి ఎండ. విజయవాడలో చెమట కారుతుంది, కాబట్టి నీళ్ళు తాగుతాం. ఢిల్లీ మే నెలలో థార్ ఎడారి వైపు నుంచి వచ్చే లూ గాలికి చెమట పట్టినట్టే తెలియదు, పట్టిన క్షణంలో ఆరిపోతుంది. అరగంటలో బట్టలు ఆరతాయి, పెదవులు పగులుతాయి, కొందరికి ముక్కు నుంచి రక్తం వస్తుంది. ఒంట్లో నీరు పోతున్న సంగతి కళ్ళు తిరిగాకే తెలుస్తుంది. సఫ్దర్‌జంగ్ రికార్డు 1944 మే 29 నాటి 47.2 డిగ్రీలు. 2024 మే చివర ముంగేష్‌పుర్ కేంద్రం యాభై రెండు పైచిలుకు చూపిందని దేశమంతా గగ్గోలెత్తింది. అది యంత్రం మూడు డిగ్రీలు ఎక్కువ చూపడం వల్లనని తర్వాత తేలింది. ఆ మూడూ తీసేస్తే మిగిలినది మాత్రం తక్కువా ఏమిటి?

ఆ పొడి ఎండలో ఎడారి కూలరు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. తడి గడ్డి గుండా వేడిగాలి వెళ్ళేటప్పుడు నీరు ఆవిరై గాలి చల్లబడుతుంది. జులైలో గాలిలోనే తేమ నిండాక నీరు ఆవిరి కాదు, కూలరు ఉత్త ఫ్యాను అయి కూర్చుంటుంది. మన కోస్తా ఊళ్ళలో ఇది అంతంత మాత్రంగా పనిచేయడానికీ కారణం అదే.

ఎండాకాలంలో మనకు ఇక్కడ ఒక ఊరట ఉంది. ఏప్రిల్ నెలాఖరుకు ఆజాద్‌పుర్ మండీకి మన బంగినపల్లి వచ్చి దిగుతుంది. బంగినపల్లి అని అడిగితే బండి దగ్గర భయ్యా అడ్డంగా తలూపుతాడు. సఫేదా అనాలి. 2017లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న పండు, ఇక్కడ మారుపేరుతో తిరుగుతోంది. జూన్‌లో దసేరీ, ఆ తర్వాత లంగ్డా, వానల్లో చౌసా వస్తాయి. వీళ్ళ దృష్టిలో సఫేదా అంటే అసలు మామిడి వచ్చేదాకా గడుపుకునే పండు. ఈ ఒక్క విషయంలో నేను సర్దుకోలేదు, సర్దుకోను కూడా. ఆవకాయ కాయా ఆలస్యమే. మన ఊళ్ళో మే నెలలో పచ్చళ్ళు పట్టడం పూర్తవుతుంది. ఇక్కడ పచ్చడికి బాగుండే రామ్‌కేలా కాయ జూన్‌లో వస్తుంది. నైరుతి ఋతుపవనాలు ఢిల్లీ చేరే సగటు తేదీ జూన్ 27. కాయ వచ్చినప్పటి నుంచి వాన పడేలోగా ముక్కలు కొట్టించి, తుడిచి, ఆవపిండి కలిపి జాడీకెత్తాలి. మార్కెట్లో కాయ కొట్టే మనిషి ఆవనూనె కూడా అంటగట్టబోతాడు. మనం నువ్వులనూనె అంటే వింతగా చూస్తాడు.

పిల్లల సెలవులదీ ఇదే వరస. తెలుగు రాష్ట్రాల్లో ఏప్రిల్ చివర సెలవులిచ్చి జూన్ రెండో వారంలో బడి తెరుస్తారు. ఢిల్లీలో మే మధ్య నుంచి జూన్ నెలాఖరు దాకా సెలవులు. అక్కచెల్లెళ్ళ పిల్లలు అమ్మమ్మ ఇంట్లో కలిసేది మధ్యలో మిగిలిన నాలుగు వారాలే. రైలు టికెట్లకు ఆ వారాల్లోనే యుద్ధం.

వానల గురించి ఎక్కువ చెప్పను. అశోకా రోడ్డులో నేరేడుపళ్ళు రాలి కాలిబాట ఊదారంగుకు తిరుగుతుంది, కొమ్మ ఊపి కింద దుప్పటి పట్టి ఏరిన పళ్ళకు నల్లుప్పు చల్లి అమ్ముతారు. మింటో బ్రిడ్జి కింద బస్సు మునిగిన ఫొటో పేపర్లో వస్తే వర్షాకాలం వచ్చినట్టే లెక్క. 2023 జులై 13న మాత్రం యమున 208.66 మీటర్లకు లేచి, 1978 నాటి రికార్డు దాటి, ఎర్రకోట గోడ దాకా వచ్చింది. గోదావరి ఒడ్డున పుట్టినవాళ్ళం, వరద మాకు కొత్తా అనుకున్న మయూర్ విహార్ తెలుగువాళ్ళు కూడా ఆ రోజు వంతెన మీద నిలబడి నోరెళ్ళబెట్టారు.

ఇక అక్టోబరు. ఏడాది మొత్తంలో ఢిల్లీ అందంగా ఉండేది ఈ నాలుగు వారాలే అని కొందరంటారు. రాత్రయితే ఏడాకుల పాల చెట్ల పూల ఘాటు వీధుల్లో కమ్ముకుంటుంది, సందుకో రామ్‌లీలా. బతుకమ్మకు ఇక్కడ తంగేడు దొరకదు. గాజీపుర్ పూల మండీ నుంచి బంతిపూలు బస్తాలకొద్దీ తెచ్చి పేరుస్తారు. బతుకమ్మ పసుపుగానే ఉంటుంది, తంగేడు పసుపు కాదు, అంతే.

ఆ తర్వాత వచ్చేది పొగ. దీని గురించి మన ఊళ్ళో వాళ్ళు టీవీలో చూసి, పంజాబు రైతులు గడ్డి తగలబెట్టడం వల్లట గదా అంటారు. అది కథలో ఒక ముక్క. ఢిల్లీ బండ్లు, దుమ్ము, ఫ్యాక్టరీలు, బొగ్గు కరెంటు కేంద్రాలు ఏడాది పొడుగునా ఉన్నవే. చలి మొదలయ్యాక నేల దగ్గరి గాలి చల్లబడి పైకి లేవదు, మూత వేసినట్టు అంతా కిందే ఉండిపోతుంది. దాని మీద కొయ్యకాలు పొగ వచ్చి పడుతుంది. ఆ కొయ్యకాలు వరిది. పంజాబీ కంచంలో ఉండేది గోధుమ రొట్టె. హరిత విప్లవం తర్వాత మద్దతు ధర, ప్రభుత్వ కొనుగోలు భరోసా ఉండడంతో అక్కడి రైతు దేశం కోసం వరి పండించాడు. నేల నీరు ఇంకిపోతోందని 2009లో పంజాబు, హర్యానా చట్టాలు చేసి, జూన్‌లో ఫలానా తేదీకి ముందు నాట్లు వేయకూడదన్నాయి. నాటు వెనక్కి జరిగింది, కోతా వెనక్కి జరిగింది. యంత్రం కోసి వదిలిన మొదళ్ళు తీసి గోధుమ విత్తడానికి మిగిలింది రెండు మూడు వారాలు. అగ్గిపుల్ల చవక. గడ్డి కనబడితే వామి వేసుకునే జిల్లాల నుంచి వచ్చిన మనకు పొలంలో గడ్డి కాల్చడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది గానీ, మూడు పూటలా అన్నం తినే దేశానికీ ఆ మంటకూ సంబంధం లేదనలేం.

గాలి నాణ్యత సూచీ నాలుగు వందలు దాటితే తీవ్రం. 2024 నవంబరు 18న ఢిల్లీలో అది 494. బళ్ళు ఆన్‌లైన్‌కు మారాయి, కట్టడాలు ఆగాయి. ఇదంతా మన కార్తీక మాసంలో! తెల్లవారుజామున తలారా స్నానం చేసి తులసికోట దగ్గర దీపం పెట్టాలి, డాక్టరేమో పొద్దున బయట తిరగొద్దంటాడు. అదే రోజుల్లో కోస్తాలో తుపాను భయం. ఫోన్లో ఇటు వాళ్ళు, ‘అత్తయ్యా, మీకు వాన ఎలా ఉంది?’ అని అడగడం, అటు వాళ్ళు, ‘మా సంగతి సరేనమ్మా, మీరు ఊపిరి పీలుస్తున్నారా?’ అనడం.

ఇవన్నీ విన్నాక ఢిల్లీ చూడ్డానికి ఎప్పుడు రావాలి అని మీరు అడగవచ్చు. మా పిన్ని కూతురు ఏటా సంక్రాంతి సెలవులకే వస్తానంటుంది. వద్దంటాను. మంచులో రైలు ఎప్పుడొస్తుందో తెలియదు, తాజ్‌మహల్ చూద్దామని ఆగ్రా వెళితే పదడుగుల దూరం కనిపించదు, రాష్ట్రపతి భవన్ అమృత్ ఉద్యాన్ అప్పటికి తెరవరు. ఫిబ్రవరి రెండో పక్షంలో రండి. తోటలో పూలుంటాయి, సోమవారం మాత్రం మూసేస్తారు. ఒక్కొక్కరికి ఒక్క స్వెట్టరు చాలు. ఒకవేళ ఆలస్యమై మార్చిలో వచ్చేట్టయితే తిరుగు టికెట్ హోలీ రోజున తీసుకోకండి. ఆ రోజు మధ్యాహ్నం రెండున్నర దాకా మెట్రో నడవదు, ఆటోలు దొరకవు, స్టేషనుకు రంగుల్లో తడుస్తూ నడవాల్సి వస్తుంది.